కుడి బుగ్గ

రొట్టెముక్క టీలో మునిగి, మెత్తబడి, విరిగి కప్పు అడుగున పడిపోయింది. చిన్న మేస్త్రీ దాన్ని చెంచాతో తీసుకుని, పెదవుల సందులోంచి లోపలికి జుర్రుకున్నాడు. పెళ్ళయి ఏడాది కూడా నిండని ఇరవై ఏడేళ్ళ మనిషి పళ్ళూడిన తాతలా తింటుంటే పెద్ద మేస్త్రీకి నవ్వొచ్చింది.

"ఏరా, ఈ ఇంట్లో ముసలాణ్ణి నేనా, నువ్వా?"

"నోట్లో పుండు నాన్నా. మేకు గుచ్చుకుంది."

"ఇంకా అదేనా? ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాగా."

"పుక్కిలిస్తూనే ఉన్నా."

"మరి మానదేం?"

కొడుకు భుజాలెగరేశాడు. జేబులోంచి చిన్న ట్యూబు తీసి, వేలికి కాస్త అద్దుకుని బుగ్గ లోపల పూసుకున్నాడు. మందుల షాపువాడు ఇచ్చిన తిమ్మిరి మందది. రాసుకున్న కాసేపటికి బుగ్గ మొద్దుబారిపోతుంది, నొప్పి తెలియదు. నొప్పి తెలియకపోతే నొప్పి లేనట్టేనని ఆ ఇంట్లో మగవాళ్ళిద్దరి నమ్మకం. కోడలు పొయ్యి దగ్గర నిలబడి మొగుడి చేతిలోని చెంచా వంకే చూస్తోంది.

మేడ మీద కాపురం, కింద కార్ఖానా. కార్ఖానా అంటే ఫ్యాక్టరీ ఏం కాదు. కుర్చీలకీ సోఫాలకీ పట్టీలు బిగించి, స్పాంజి పరిచి, గుడ్డ తొడిగే పొడవాటి గది ఒకటి. తండ్రీకొడుకుల అసలు పేర్లు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. తండ్రి పెద్ద మేస్త్రీ, కొడుకు చిన్న మేస్త్రీ, అంతే. పెళ్ళయి వచ్చిన నెలకే కోడలు కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని కవర్లు కుట్టడం మొదలుపెట్టింది. ఆ గదిలో మాట్లాడేది మిషనూ ఆమేనని వచ్చేపోయేవాళ్ళు హాస్యమాడతారు.

అందులో అబద్ధం లేదు. ఆ పనిలో చిన్న మేకులు చారెడు తీసి నోట్లో పోసుకోవాలి. నాలుకతో ఒక్కొక్కదాన్నీ పెదవుల మీదికి తేవాలి. మొనలో అయస్కాంతం ఉన్న సుత్తిని పెదవులకి ఆనిస్తే మేకు దానికి అంటుకుంటుంది, అలాగే తీసుకెళ్ళి గుడ్డ మీద కొట్టాలి. నోటినిండా మేకులున్నవాడు ఏం మాట్లాడతాడు? పెద్ద మేస్త్రీ జీవితమంతా "ఊఁ", "ఊహూఁ"లతోనే గడిచింది. కొడుకు పని బాగుంటే ఊఁ. బాగోకపోతే ఊహూఁ. కొడుక్కి ఎక్కువగా వినబడింది రెండోదే.

ఇక మేకులు నోట్లో ఉన్నంతసేపూ ఇనుప రుచి వదలదు. దానికి విరుగుడు వక్కపొడి. బల్ల మీద ఒక రేకుడబ్బా ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అందులో సువాసన వేసిన వక్కపలుకులు. నెలనెలా సరుకులతో పాటు తెచ్చి దాన్ని నింపేది పెద్ద మేస్త్రీ భార్య. చదువు అబ్బని కొడుకుని పదహారో ఏట పక్కన కూర్చోబెట్టుకుని తండ్రి చెప్పిన మొదటి పాఠం కూడా ఆ డబ్బా గురించే. "ఎడమ బుగ్గ మేకులకి, కుడి బుగ్గ వక్కకి. రెండూ కలిపావనుకో, ఏ రోజో వక్కనుకుని మేకు నములుతావు."

"పొగాకు ముట్టం, సిగరెట్టు ఎరగం, మందు జోలికి పోం," అని పెద్ద మేస్త్రీ గర్వంగా చెప్పుకునేవాడు. "నాలుగు వక్కపలుకులు. అదీ ఒక అలవాటేనా?"

అయితే ఆయన మనసులో ఒక ముల్లు ఉంది. గాలి పంపుతో పిన్నులు కొట్టే గన్ను కొందామని కొడుకు పోయినేడాది అడిగాడు. నోట్లో మేకులు పోసుకునే బాధ తప్పుతుందన్నాడు. "పిన్నులు కొట్టేవాడు మేస్త్రీ కాడురా, పిన్నులు కొట్టేవాడే," అని తండ్రి కొట్టిపారేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. ఇప్పుడు కొడుకు పుండు మానట్లేదంటే ఆ గన్ను గుర్తొస్తోంది. గుర్తొచ్చినప్పుడల్లా "ఏం కాదు, అదే పోతుంది" అని గట్టిగా అంటున్నాడు. ఆ మాట కొడుకు కోసం కంటే తన కోసమే ఎక్కువ.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కోడలు నోరు విప్పింది.

"మావయ్యా, రేపు పొద్దున్న ఈయన్ని నోటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. పనికి మధ్యాహ్నం నుంచి వస్తారు."

"రేపా? మరి హోటలువాళ్ళ కుర్చీల సంగతో?"

"మీరూ నేనూ కూర్చుంటే అయిపోతాయి."

"పుండుకి డాక్టరెందుకమ్మా? ఇదిగో, నా పెదవి చూడు, నాలుక చూడు. ఎన్ని గాట్లో! ఈ పనిలో నోరు పుండు పడనివాడు ఉన్నాడా?"

"అదే నేనూ అంటున్నా," అంది అత్తగారు. "ఆ డాక్టర్లు గోరంతది కొండంత చేస్తారు. కారం తగ్గించి పెడితే సరిపోతుంది."

"తగ్గించడం కాదు అత్తయ్యా, మానేసి ఎన్నాళ్ళయిందో! ఈయనకి కూర విడిగా తీస్తున్నది మీరే కదా." కోడలు మొగుడి వైపు తిరిగింది. "ఒకసారి నోరు తెరవండి."

"అన్నం తింటుంటే ఏంటే ఇది?"

"తెరవండి."

తెరిచాడు. కోడలు తన మూడు వేళ్ళు నిలువుగా పేర్చి తన నోట్లో పెట్టుకుని చూపించింది. పట్టాయి. "అత్తయ్యా, మీరూ పెట్టుకోండి." ఆవిడ ఎడమచేత్తో పెట్టుకుని చూసింది. ఆవిడకీ పట్టాయి. మొగుడి పళ్ళ మధ్య రెండో వేలు పోలేదు.

"అరిచేటంత నోరు కూడా లేదు మీ అబ్బాయికి. మేకు గుచ్చుకుంటే నోరు బిగుస్తుందా మావయ్యా?"

"వాపు ఉంటుందిగా."

"సరే. మీరు మేకులు ఏ బుగ్గలో పెట్టుకుంటారు?"

"ఎడమ బుగ్గలో."

"మరి ఈయన?"

"వాడికి నేర్పింది నేను. ఎడమ బుగ్గలోనే. అనుమానమా?"

"పుండు కుడి బుగ్గలో ఉంది మావయ్యా."

చిన్న మేస్త్రీ కంచంలోకి చూస్తూ చెయ్యి ఎత్తి తన చెంప తడుముకున్నాడు. నాలుక రోజూ వెళ్ళి తాకే చోటే అయినా అది ఏ వైపో అప్పుడే కొత్తగా తెలిసినట్టు తడుముకున్నాడు.

పెద్ద మేస్త్రీకి ముందు కలిగింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది. నా మేకులు కావు, గన్ను కొనకపోవడం వల్ల కాదు అనుకునేసరికి ప్రాణం లేచొచ్చింది. కొడుకు నోట్లో పుండు అలాగే ఉండగా తనకి ప్రాణం లేచిరావడం ఏమిటో ఆయనకి తట్టలేదు. అంతలో ఆయన చూపు బల్ల మీదికి పోయింది. ఉప్పు సీసా పక్కన వక్కడబ్బా ఉంది. అన్నాలయ్యాక వేసుకుందామని కిందినుంచి తానే తెచ్చి పెట్టాడు.

మర్నాడు ఆయన కూడా వెళ్ళాడు. నోటి డాక్టరు వయసులో కోడలికంటే కొంచెం పెద్దదంతే. దీపం దించి చిన్న మేస్త్రీ నోట్లోకి చాలాసేపు చూసింది. గ్లౌజు వేలితో బుగ్గని లోపలా బయటా పట్టుకుని నొక్కింది.

"పొగాకు నములుతారా?"

"ఛఛ," అన్నాడు పెద్ద మేస్త్రీ. "మా ఇంటావంటా లేదు."

"అతన్ని చెప్పనివ్వండి. సిగరెట్టు? మందు?"

"పెళ్ళిళ్ళలో ఒక గ్లాసు బీరు. నాన్నకి తెలీదు," అన్నాడు కొడుకు. ఇంకో రోజైతే ఆ మాటకి ఇంట్లో పెద్ద గొడవయ్యేది.

"వక్క?"

"నాతో పాటు పదహారో ఏట నుంచీ వేసుకుంటున్నాడు. అది పొగాకు కాదుగా డాక్టరమ్మా," అన్నాడు పెద్ద మేస్త్రీ.

"కాదు. కానీ వక్క ఒక్కటే చాలు. పొగాకు కలిస్తే మరీ చెడ్డది, మందు తోడైతే ఇంకా. అవేవీ లేకపోయినా రోజంతా, ఏళ్ళ తరబడి, ఒకేచోట బుగ్గలో వక్క పెట్టుకుంటే లోపలి చర్మం తోలులా బిగిసిపోతుంది. నోరు తెరుచుకోకపోవడం అందుకే. అలా బిగిసినచోట పుండు పడి మానకపోతే మేం ఊరికే వదలం." ఆమె చిన్న మేస్త్రీ జేబులోంచి బయటికి కనిపిస్తున్న ట్యూబు వంక చూసింది. "ఇది ఎన్నాళ్ళుగా రాస్తున్నారు?"

"చాన్నాళ్ళుగా."

"నొప్పి మీకు ఏదో చెప్పబోతుంటే దాని నోరు మూశారన్నమాట. రెండు మూడు వారాల్లో మానని పుండు ఎవరికైనా చూపించాలి. కుర్రాళ్ళకి రాదనుకుంటారు. పదహారేళ్ళకి మొదలుపెడితే ఇరవై ఏడుకి ఎన్నేళ్ళు? చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను. అది వచ్చేదాకా ఏదీ ఖాయం కాదు." లేస్తూ పెద్ద మేస్త్రీ వైపు చూసింది. "మీరూ తింటారు కదా. కూర్చోండి, చూస్తాను."

"నాకెందుకమ్మా! నేను రాయిలా ఉన్నాను," అని ఆయన తలుపు దగ్గరికి నడిచాడు.

పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరే. చిన్నదే, తొందరగానే దొరికింది, ఆ భాగం తీసేసి తొడ చర్మం అతికిస్తే నయమయ్యే అవకాశం బాగా ఉంది అన్నారు పెద్దాసుపత్రిలో. బాగా ఉంది అంటే ఎంత అని కోడలు అడిగింది. ఆలస్యం చేయకపోతే చాలా అన్నారు. పెద్ద మేస్త్రీ అన్నీ విన్నాడు. సంతకం పెట్టమన్నచోట కోడలు పెట్టింది, కూర్చోమన్నచోట ఆయన కూర్చున్నాడు. క్యాంటీన్‌లో టీ తాగాడు. అందులో చక్కెర వేయలేదని భార్య చెప్తే గానీ తెలియలేదు.

ఏడవాలని ఉండి ఏడుపు రాకపోవడం కాదు అది. ఏదీ లేదు. తిమ్మిరి మందు ట్యూబు మొత్తం ఎవరో ఒంటికి పూసినట్టుంది. ఇంటికొచ్చి హోటలువాళ్ళ కుర్చీలు ముందేసుకున్నాడు. పట్టీ లాగాడు, బిగించాడు, కొట్టాడు. వంకర లేకుండా వచ్చింది. ఇలాంటి రోజున పని వంకర లేకుండా రావడం తప్పేమో అనిపించింది గానీ, ఆ తప్పు కూడా ఎక్కడా గుచ్చుకోలేదు.

భార్య మాత్రం వంటింట్లో కూర్చుని అదే మాట పదే పదే అంటోంది. "నేనే కదా తెచ్చి నింపాను. అయిపోయిందమ్మా అంటే చాలు, పరిగెత్తుకెళ్ళి తెచ్చాను. వాసన బాగుంటుందని మంచి రకం ఏరి మరీ తెచ్చాను."

"మీకేం తెలుసు అత్తయ్యా," అంది కోడలు, ఆవిడ వీపు మీద చెయ్యి వేసి. "నేనూ తిన్నాను నాలుగు పలుకులు. పెళ్ళిచూపుల్లో ఈయన జేబులోంచి తీసి ఇచ్చారు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను."

అత్తగారు ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. నవ్వి మళ్ళీ ఏడ్చింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పెద్ద మేస్త్రీకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

ఆపరేషన్ రేపనగా సాయంత్రం బట్టల సంచీ సర్దేటప్పుడు కొడుకు మేడ మీద లేడు. తండ్రి కిందికి దిగి చూశాడు. కార్ఖానాలో దీపం వేసుకోకుండా, గుడ్డ తొడగని కుర్చీ చట్రం మీద కూర్చుని ఉన్నాడు. దవడ కదులుతోంది. ఒళ్ళో రేకుడబ్బా ఉంది. దాన్ని కోడలు బీరువా వెనక దాచిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. పారేయకుండా ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు.

"ఏం చేస్తున్నావురా?"

"ఎలాగూ రేపు కోసి పారేస్తారుగా ఈ బుగ్గ." కొడుకు గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "చివరిసారి దాని బాకీ తీరుస్తున్నా. అసలు వెళ్తానో లేదో కూడా చూద్దాం. కోసినా కోయకపోయినా..."

"నోర్ముయ్!"

ఆ అరుపు తన నోట్లోంచి వచ్చిందని పెద్ద మేస్త్రీకే ఆశ్చర్యమేసింది. "బుద్ధుందా నీకు? కట్టుకున్నదాని మొహం చూడవా? ఎవడైనా విషమని తెలిసీ తింటాడా? సిగ్గులేదూ, రేపు పొద్దున్న..."

"నాన్నా."

"ఏంటి నాన్నా?"

"ముందు నీది ఉమ్మేసి, తర్వాత తిట్టు."

పెద్ద మేస్త్రీ ఆగిపోయాడు. నాలుక కుడి బుగ్గలోకి పోయింది. అక్కడ వక్క ఉంది. నానిన వక్క. చొక్కా జేబులో పాత పొట్లం ఒకటి ఉండిపోయింది. దాన్ని ఎప్పుడు తీశాడో, ఎప్పుడు వేసుకున్నాడో తెలియదు. ఆసుపత్రిలో కూర్చున్నప్పుడూ ఉండే ఉంటుంది. క్యాన్సర్ చిన్నదే, నయమవుతుందని పెద్దాసుపత్రిలో చెప్తున్నప్పుడూ ఉండే ఉంటుంది. కొడుకు నోట్లోంచి ముక్క తీస్తున్నంతసేపూ బయట నిలబడి నములుతూనే ఉన్నాడేమో, ఎవరికి తెలుసు.

అరచెయ్యి చాపి అందులోకి ఉమ్మాడు. ఆ ఎర్రటి పిప్పిని చూస్తూ నిలబడ్డాడు. మింగలేక కక్కలేక అన్న మాట ఎన్నోసార్లు విన్నాడు గానీ, కక్కాక కూడా ఇంత భారంగా ఉంటుందని అనుకోలేదు.

"నాకు భయంగా ఉంది నాన్నా," అన్నాడు కొడుకు. "కోశాక మొహం ఎలా ఉంటుందో! మాట వస్తుందో రాదో! ఆమె పక్కన ఎలా నిలబడను? నువ్వేమో ఆ రోజు నుంచీ ఒక్క మాట మాట్లాడవు. మేకులు లేవుగా నీ నోట్లో, ఇప్పుడేమొచ్చింది?"

పెద్ద మేస్త్రీ ఏదో అనాలని చూశాడు. ఊఁ అని రాబోయింది. దాన్ని ఆపుకున్నాడు. చెయ్యి చాపి కొడుకు ముందు పెట్టాడు, అదే అరచెయ్యి, పిప్పితో సహా. "ఉమ్మెయ్, ఇందులోనే. రేపు నీతో నేనూ వస్తా. తర్వాత ఆ నోటి డాక్టరమ్మ ముందు నేనూ నోరు తెరుస్తా. నాకూ భయంగానే ఉందిరా. అప్పుడు కూర్చోమన్నప్పుడు రాయిలా ఉన్నానని పారిపోయింది భయంతోనే."

కొడుకు కాసేపు ఆ చేతి వంక చూశాడు. తర్వాత ముందుకి వంగి ఉమ్మాడు. డబ్బాలో మిగిలినదంతా ఇద్దరూ వెళ్ళి మురికికాలవలో పోసి, డబ్బా కడిగి బోర్లించారు.

ఆపరేషన్ అయింది. తీయవలసినదంతా వచ్చిందన్నారు, మెడలో గ్రంథులకి పాకలేదన్నారు. ఏళ్ళ తరబడి వచ్చి చూపించుకుంటూ ఉండాలన్నారు. పెద్ద మేస్త్రీ నోట్లో కుడి బుగ్గ నిండా తెల్లటి చారలున్నాయి. ఇంకా ఏమీ కాలేదు గానీ, వక్క మానేసి ఆయనా చూపించుకుంటూ ఉండాలన్నారు. రాయి అనుకున్నవాడికి పగుళ్ళున్నాయని తేలింది.

గాయం మానాక చిన్న మేస్త్రీకి డాక్టరమ్మ ఒక పని అప్పజెప్పింది. పలచటి చెక్క పుల్లలు కొన్ని పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చోవాలి. అలవాటయ్యేకొద్దీ ఒక్కో పుల్ల చేరుస్తూ పోవాలి. అలా చేయకపోతే కొత్త బుగ్గ కూడా బిగుసుకుపోతుంది. ఆసుపత్రివాళ్ళిచ్చిన పుల్లలు గరుగ్గా ఉన్నాయని పెద్ద మేస్త్రీ కుర్చీచేతికి తెచ్చిన మంచి చెక్క కోసి, గరుకు కాగితంతో రుద్ది, అంచులు గుండ్రంగా తిప్పి కొత్తవి చేశాడు.

ఒక ఉదయం కార్ఖానాలో ఎండ సగం గదిదాకా వచ్చింది. కోడలు మిషను తొక్కుతోంది. చిన్న మేస్త్రీ స్టూలు మీద పుల్లలు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెంప మీది కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది. ఎదురుగా తండ్రి ఒక పాత కుర్చీ తిరగేసి చూస్తున్నాడు. గోడ పక్కన పిన్నులు కొట్టే కొత్త గన్ను ఉంది. హోటలు కుర్చీలకి దాన్నే వాడుతున్నాడు. పాత కుర్చీలకి మాత్రం మేకులే. కాకపోతే మేకులు ఇప్పుడు నోట్లో లేవు, కడిగిన ఆ రేకుడబ్బాలో ఉన్నాయి. చేత్తో ఒక్కొక్కటీ తీసి కొడుతుంటే పని నత్తనడక నడుస్తోంది. నోరు ఖాళీగా ఉంది. ఖాళీ నోటితో ఏం చేయాలో ఆయనకింకా అలవాటు కాలేదు.

"ఈ కుర్చీ నువ్వు తొడిగిందేరా," అన్నాడు ఉన్నట్టుండి.

కొడుకు కళ్ళెత్తి చూశాడు. నోటినిండా పుల్లలు.

"పోయినేడాది చేశావు. ఈ మూల మడత వేసినప్పుడు నువ్వు నా వంక చూశావు. నేను ఊహూఁ అన్నాను." ఆయన మడత మీద బొటనవేలితో రాశాడు. "తప్పేం లేదు ఇందులో. అప్పుడూ లేదు. నేను ఇలా ఎన్నడూ వేయలేదు. నాకు రాదు. నాకంటే నువ్వే మంచి మేస్త్రీవి. ఇది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం నోరు ఖాళీ చేసుకునే తీరిక లేకపోయింది."

మిషను ఆగింది. కొడుకు మాట్లాడలేడు, నవ్వలేడు. తెరిచి ఉన్న నోటితో కూర్చుని ఉంటే కళ్ళలోంచి నీళ్ళు మాత్రం చెంపల మీదికి దిగాయి. ఎడమ చెంప మీది నీటిబొట్టు తెలిసింది, తుడుచుకున్నాడు. కుడి చెంప మీదిది తెలియలేదు. అక్కడ ఇంకా తిమ్మిరే. తండ్రి లేచి వచ్చి, మేకుల మురికి అంటిన వేళ్ళు చొక్కాకి తుడుచుకుని, ఆ కుడి చెంప తుడిచాడు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొడుకు భుజం మీద తల ఆనించి, పెద్ద మేస్త్రీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చిన్న మేస్త్రీ నోట్లోంచి పుల్లలు ఒక్కొక్కటీ తీసి స్టూలు మీద పెట్టాడు. పెదవి ఒకవైపే కదులుతోంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఏమన్నావు నాన్నా? మళ్ళీ చెప్పు."

"వినపడలేదా?"

"వినపడింది. మళ్ళీ చెప్పు."

పెద్ద మేస్త్రీ ముక్కు తుడుచుకుని మళ్ళీ చెప్పాడు.